నాన్న ఫైలు వరదలో పోయింది, ఇప్పుడు ఎలా?

సింగ్‌నగర్_కుర్రాడు | శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్తే. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా ఇంట్లోకి వచ్చినప్పుడు ఫ్రిజ్జు, బీరువా, పరుపులు అన్నీ పోయాయి. వాటి సంగతి ఎలాగో సర్దుకున్నాం. నాన్న ఆసుపత్రి ఫైలు పోయింది చూడండి, దాని దెబ్బ ఇప్పుడు తెలుస్తోంది. నీలం రంగు ప్లాస్టిక్ కవరులో పదేళ్ల కాగితాలు ఉండేవి. నీళ్లు తీశాక మంచం కింద బురదలో దొరికింది. ఒక్కో కాగితం విడదీసి మేడ మీద దండేనికి క్లిప్పులు పెట్టి ఆరేశాను. డాక్టర్లు పెన్నుతో రాసినవన్నీ నీలం మరకలైపోయాయి. ఈసీజీ కాగితాల మీద ఒక్క గీత కూడా మిగల్లేదు.

నాన్నకు 66 ఏళ్లు. షుగరు 18 ఏళ్ల నుంచి ఉంది. 2019లో గుండెకు స్టెంటు వేశారు. నెల కిందట సూర్యారావుపేటలో ఒక కొత్త డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్తే, "స్టెంటు ఏ రక్తనాళంలో వేశారు? అప్పుడు ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, పంపింగ్ ఎంత ఉంది?" అని అడిగారు. నాన్న నా మొహం చూశారు. నేను గోడ వైపు చూశాను.

ఇంకో సంగతి. మూడు వారాలుగా తెల్లవారుజామున మూడింటికి నాన్న చెమటలతో బనీను తడిసి లేస్తున్నారు. హైదరాబాదులో ఉండే తమ్ముడు స్మార్ట్ వాచీ కొని పంపాడు. అందులో చూస్తే గుండె వేగం 76, ఆక్సిజన్ 97, ఈసీజీ మామూలుగానే ఉంది. "వాచీ బాగానే ఉందంటోంది, అది ఉక్కపోతే" అంటాడు తమ్ముడు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

ఆభా అనే ప్రభుత్వ ఆరోగ్య కార్డు చేయించుకుంటే ఇలా ఫైలు పోయే బాధ ఉండదని ఎవరో చెప్పారు. నిజమేనా? వాచీ చెప్పింది నమ్మవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

డ్యూటీ_నర్సు_గుంటూరు | శుక్రవారం, రాత్రి 10:40

తమ్ముడూ, ఆభా సంగతి రేపు మాట్లాడుకోవచ్చు. ముందు ఈ రాత్రి పని చూడు. షుగరు మాత్రలు వేసుకునే మనిషి మూడింటికి చెమటలతో లేస్తే మొదట చూడాల్సింది షుగరు పడిపోయిందేమో అని. ఇంట్లో గ్లూకోమీటరు ఉంది కదా? మంచం పక్కనే పెట్టుకో. లేచిన వెంటనే వేలి చుక్క తీసి చూడు. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించు. పావుగంట ఆగి మళ్లీ చూడు. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకు, 108కి ఫోన్ చెయ్యి. గుండెలో పట్టేసినట్టు ఉన్నా, ఎడమ చెయ్యో దవడో లాగుతున్నా వాచీ వైపు చూస్తూ కూర్చోవద్దు, అప్పుడు కూడా 108నే.

సింగ్‌నగర్_కుర్రాడు | శుక్రవారం, రాత్రి 10:52

అక్కా, చాలా థాంక్స్. మీటరు ఉంది గానీ స్ట్రిప్పులు అయిపోయాయి. ఇప్పుడే బండి తీసుకుని వెళ్తున్నాను.

కోడ్_రాసేవాడు | శనివారం, ఉదయం 7:30

ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ రాసే పని నాది, బెంజి సర్కిల్ దగ్గర ఉంటాను. ఆభా గురించి నాకు తెలిసింది చెబుతాను.

ఆభా అంటే 14 అంకెల ఆరోగ్య నంబరు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా 2021 సెప్టెంబరు 27న ప్రారంభించారు, ఇది అందులో భాగం. చాలామంది ఇక్కడే పొరబడతారు: ఇది డబ్బులిచ్చే కార్డు కాదు. ఆపరేషన్ ఖర్చు భరించేది మనకు ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం. ఆభా పని వేరు. మీ రిపోర్టులు ఏ ఆసుపత్రిలో, ఏ ల్యాబులో ఉన్నా అవన్నీ మీవేనని ఈ నంబరుతో గుర్తుపట్టవచ్చు.

రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒకే గోదాములో పోగేస్తారని కొందరి అనుమానం. అలా కాదు. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రిలోనే ఉంటుంది. కొత్త డాక్టరు చూడాలంటే మీ ఫోనుకు అనుమతి అడుగుతూ మెసేజ్ వస్తుంది, మీరు ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. ఎన్నాళ్లు చూడవచ్చో కూడా మీరే చెప్పవచ్చు. ఈ పద్ధతిలో చేరిన ఆసుపత్రుల్లో ఓపీ చీటీ కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఫోనుతో స్కాన్ చేస్తే టోకెన్ నంబరు వచ్చేస్తుంది. పేరు, ఊరు, వయసు మళ్లీ మళ్లీ చెప్పే పని ఉండదు.

కాకపోతే ఒకటి. మీ నాన్న గారి 2019 కాగితాలు ఆభా చేయించుకోగానే వాటంతట అవే వచ్చి చేరవు. ఆ ఆసుపత్రి తన రికార్డు జతచేయాలి, లేకపోతే మీరే కాపీ సంపాదించి ఫొటో తీసి యాప్‌లో పెట్టుకోవాలి.

అరండల్‌పేట_అమ్మమ్మ | శనివారం, ఉదయం 8:15

బాబూ, నాకు 74 ఏళ్లు. గుంటూరు అరండల్‌పేటలో ఒక్కదాన్నే ఉంటాను. పిల్లలు అమెరికాలో. బీపీ మిషను పట్టీ చేతికి చుట్టి మీట నొక్కితే అంకెలు మా అమ్మాయి ఫోనుకు వెళ్లిపోతాయి. ఒకరోజు 170 వస్తే అక్కడ వాళ్లకు అర్ధరాత్రి, అయినా ఐదు నిమిషాల్లో ఫోన్ చేసింది. "అమ్మా, మాత్ర వేసుకున్నావా?" అని. వేసుకోలేదు, మరిచిపోయాను. ఇది మంచిది కాదని ఎలా అంటాను?

కానీ ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ నా వైపు చూడటం మానేసింది. నేను మోకాళ్ల సంగతి చెబుతుంటే ఆమె కంప్యూటర్లో టకటకా కొట్టుకుంటోంది. వెనకటి డాక్టరు గారు నాడి పట్టుకుని, కింది కనురెప్ప లాగి చూసి, "ఏం తింటున్నారమ్మా? రక్తం తగ్గింది" అనేవారు. ఆ చెయ్యి పట్టుకోవడంలోనే సగం ధైర్యం వచ్చేది. యంత్రాలు రావాలి, వద్దనను. అవి వచ్చి డాక్టరుకు తీరిక ఇవ్వాలి గానీ ఉన్న తీరిక తినేస్తే ఎలా?

లంక_హెల్త్_క్లినిక్ | శనివారం, ఉదయం 9:05

అమ్మమ్మ గారూ, మీ మాట పూర్తిగా నిజం. నేను కృష్ణ ఒడ్డున లంక గ్రామంలో హెల్త్ క్లినిక్‌లో పనిచేస్తాను. మాకు అవతలి ఇబ్బంది. ఇక్కడ చెయ్యి పట్టుకోవడానికి నేనున్నాను, డాక్టరే లేరు. అందుకని ఈ-సంజీవని మాకు పెద్ద అండ. గ్రామాల్లోని కేంద్రాల నుంచి డాక్టరుతో వీడియోలో మాట్లాడించే ఈ పద్ధతిని 2019 నవంబరులో దేశంలో మొదట మొదలుపెట్టింది మన రాష్ట్రమే. కోవిడ్ సమయంలో ఇళ్ల నుంచి నేరుగా మాట్లాడే సదుపాయం కూడా వచ్చింది.

మొన్న ఒకామెకు కాలి మీద పుండు మానడం లేదు. పొలానికి వెళ్లే మనిషి, రోజు కూలీ పోతుందని గుంటూరు వెళ్లలేదు. నేను ట్యాబ్‌ను పుండు దగ్గరగా పట్టుకుని చూపించాను. అటు డాక్టరు గారు "మడమ పక్కన నొక్కు, నొప్పి తెలుస్తోందా అని అడుగు" అన్నారు. ఆమెకు స్పర్శే తెలియలేదు. వెంటనే షుగరు చూస్తే 340. అప్పటిదాకా ఆమెకు షుగరు ఉందని ఆమెకే తెలియదు.

కడుపునొప్పి అని వస్తే మాత్రం వీడియో సాయపడదు. పొట్ట గట్టిపడిందో లేదో చేత్తో నొక్కి చూడాల్సిందే. అలాంటివాళ్లను నేను నిలబెట్టను, ఆటో మాట్లాడి పంపించేస్తాను. సిగ్నల్ పోతే ట్యాబ్ పట్టుకుని డాబా ఎక్కిన రోజులు కూడా ఉన్నాయి.

సింగ్‌నగర్_కుర్రాడు | ఆదివారం, ఉదయం 6:20

నిన్న రాత్రి రెండు గంటల యాభై నిమిషాలకు లేచారు. చేతులు చల్లగా ఉన్నాయి, నుదుటి మీద చెమట చుక్కలు కట్టాయి. చుక్క తీశాను: 58. నా చెయ్యి వణికి రెండో స్ట్రిప్పు పాడు చేశాను. అక్క చెప్పినట్టే పంచదార నీళ్లు తాగించాం. పావుగంటకు 91 వచ్చింది. నాన్న గోడకు ఆనుకుని "ఇప్పుడు తేలిగ్గా ఉందిరా" అన్నారు. వాచీలో మాత్రం అప్పుడు కూడా గుండె వేగం 78.

అంటే ఇన్నాళ్లూ వాచీ చూసి ధైర్యంగా ఉన్నామా? తల్చుకుంటేనే ఏదోలా ఉంది.

కొత్తపేట_ఫిజీషియన్ | ఆదివారం, ఉదయం 9:48

గుంటూరు కొత్తపేటలో ప్రాక్టీసు చేస్తాను. ఇక్కడ మందులు రాయను, రాయకూడదు. మీ సొంత డాక్టరు దగ్గరకు రేపే వెళ్లండి. వాచీ ఎందుకు మిమ్మల్ని పక్కదారి పట్టించిందో మాత్రం చెబుతాను.

షుగరు పడిపోతే మామూలుగా గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. స్టెంటు వేసినవాళ్లలో చాలామందికి బీటా బ్లాకర్ అనే మాత్ర ఉంటుంది. అది గుండె వేగాన్ని అణిచి ఉంచుతుంది, కాబట్టి ఆ దడ బయటపడదు. చెమటను మాత్రం ఆపలేదు. మీ నాన్న గారు ఆ మాత్ర వేసుకుంటుంటే వాచీ తప్పు చెప్పలేదు, 76 అంటే 76 ఉన్నట్టే. కానీ మీ ప్రశ్నకు జవాబు దాని దగ్గర లేదు.

వాచీ ఈసీజీ కూడా అంతే. ఆసుపత్రిలో తీసేది 12 లీడ్ల ఈసీజీ, గుండెను 12 కోణాల్లో చూస్తుంది. వాచీది ఒక్క కోణం. గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ లాంటిది ఉంటే, అది బాగానే పట్టుకుంటుంది. అలా వాచీ చూసుకుని వచ్చి పక్షవాతం ముప్పు తప్పించుకున్నవాళ్లు నా దగ్గరే ఉన్నారు. గుండెపోటు లేదని చెప్పే అధికారం మాత్రం దానికి లేదు.

మీ తమ్ముడు కంటిన్యువస్ గ్లూకోజ్ సెన్సార్ పంపిస్తానంటే వద్దనకండి. భుజం కింద చేతికి అంటించుకుంటే 10 నుంచి 14 రోజుల పాటు కొద్ది నిమిషాలకోసారి చూస్తూ ఉంటుంది. అది రక్తంలో చక్కెరను నేరుగా కొలవదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో కొలుస్తుంది. అందుకని కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే లేకపోయినా తక్కువ చూపిస్తుంది. రాత్రి అలారం మోగితే ఒకసారి వేలి చుక్కతో సరిచూసుకోండి.

సూర్యారావుపేట_మందులషాపు | ఆదివారం, ఉదయం 11:30

బాబూ, 22 ఏళ్లుగా కౌంటరు వెనక నిలబడ్డ మనిషిగా ఒక మాట అడుగుతాను. మీ నాన్న గారు వేసుకునే మాత్రల షీట్లన్నీ టేబుల్ మీద పరిచి, ఒక్కోదాని మీద ఉన్న మందు అసలు పేరు రాయి. బ్రాండు పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది. 2023 ఆగస్టు 1 నుంచి బాగా అమ్ముడుపోయే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఆ కోడ్ స్కాన్ చేస్తే మందు అసలు పేరు, తయారుచేసిన కంపెనీ, బ్యాచ్, ఎక్స్‌పైరీ అన్నీ తెరుచుకుంటాయి. దొంగ మందులు పట్టుకోవడానికి పెట్టారు గానీ నేను దాన్ని కళ్లజోడు మరిచిపోయిన పెద్దవాళ్లకు వాడుతుంటాను.

సింగ్‌నగర్_కుర్రాడు | ఆదివారం, మధ్యాహ్నం 12:25

అన్నా, ఏడు షీట్లు ఉన్నాయి. అన్నీ చూశాను. మెటోప్రొలాల్ ఉంది, డాక్టరు గారు చెప్పింది అదే అనుకుంటా. షుగరువి రెండున్నాయి. పాతదాని మీద గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ అని ఉంది. నెల కిందట కొత్త డాక్టరు గారు రాసిన దాని మీద కూడా గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ అనే ఉంది. పేరు వేరు, రంగు వేరు, కంపెనీ వేరు. నాన్న రెండూ వేసుకుంటున్నారు. "ఇది పాత షుగరు బిళ్ల, అది కొత్త షుగరు బిళ్ల" అంటున్నారు.

సూర్యారావుపేట_మందులషాపు | ఆదివారం, మధ్యాహ్నం 12:31

నాకు అనుమానం వచ్చింది అందుకే. గ్లిమిపిరైడ్ షుగరును బాగా దించే మందు. రెండు పేర్లతో రెండింతలు పడుతోంది. నీ అంతట నువ్వు అన్నీ ఆపేయకు. ఈరోజే డాక్టరు గారికి ఫోన్ చేసి రాత్రి మాత్ర సంగతి అడుగు. రేపు ఏడు షీట్లూ సంచిలో వేసుకుని వెళ్లు. ఆ కొత్త డాక్టరు గారిది తప్పని అనలేను. పాత ఫైలు లేదు, పాత షీట్లు ఎవరూ చూపించలేదు, ఆయనకు ఎలా తెలుస్తుంది?

మిర్చియార్డు_గుమస్తా | ఆదివారం, సాయంత్రం 5:10

ఇదంతా చదువుతుంటే సంతోషంగా ఉంది, బాధగానూ ఉంది. గుంటూరు మిర్చి యార్డులో లెక్కలు రాస్తాను. మా హమాలీలకు వాచీలు, సెన్సార్లు ఎవరు కొనిపెడతారండీ? రెండు వారాలకు వేల రూపాయలు పెట్టి చేతికి అంటించుకునేవాడు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎందుకు మోస్తాడు? కొత్త వైద్యమంతా ఫోనున్నవాడికే, చదువుకున్న కొడుకున్నవాడికే అందుతుందేమోనని నా భయం.

అయితే మా వాళ్ల దాకా వచ్చిన యంత్రం ఒకటుంది, అదీ చెప్పాలి. యార్డులో అందరికీ దగ్గే. కారం ఘాటు అనుకుని ఎవరూ పట్టించుకోరు. ఒకరోజు కెమెరా అంత ఎక్స్‌రే మిషను చేత్తో పట్టుకొచ్చి అందరికీ ఛాతీ ఫొటోలు తీశారు. నా పక్కన బస్తాలు కుట్టే ఆయనకు ఆరు నెలలుగా దగ్గు. ఆయన ఫొటోలో పై భాగాన కంప్యూటరే రంగు చుట్టి చూపించింది. తర్వాత కళ్లె పరీక్షలో టీబీ తేలింది. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, నాలుగు కిలోలు పెరిగాడు.

ఎక్స్‌రే_టెక్నీషియన్ | ఆదివారం, రాత్రి 8:00

గుమస్తా గారూ, ఆ మిషన్లు వాడేవాళ్లలో నేనూ ఒకణ్ని. మీరు చూసిన రంగు చుట్టేది ఏఐ సాఫ్ట్‌వేర్. 15 ఏళ్లు దాటినవాళ్లలో టీబీ జల్లెడ పట్టడానికి ఇలాంటివి వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశంలో 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో ఈ చేతి ఎక్స్‌రేలను ఊళ్లలోకి తీసుకెళ్లారు.

ఏఐ రోగం నిర్ధారించదు. "ఈ పదిమందిలో ఈ ఇద్దర్ని ముందు చూడండి" అంటుంది, అంతే. పాత మచ్చ ఉన్నా రంగు చుట్టేస్తుంది. అందుకే ఆ ఇద్దరి కళ్లెను సీబీనాట్ మిషన్లోనో, గోవాలో తయారయ్యే ట్రూనాట్ మిషన్లోనో పెడతాం. గంటా రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో, టీబీకి వాడే రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో తెలుస్తుంది. ఈ మందుకు లొంగుతుందా అని తేల్చడానికే ఇదివరకు కల్చర్ పెట్టి, అంటే ల్యాబులో క్రిమిని పెంచి, వారాల తరబడి ఎదురుచూసేవాళ్లం. ఈలోగా ఆ మనిషి ఇంట్లో పిల్లల పక్కనే పడుకునేవాడు.

మీ నాన్న గారికి షుగరు 18 ఏళ్లంటున్నారు కదా, సింగ్‌నగర్ తమ్ముడూ, కంటి వెనక పొర ఫొటో ఎప్పుడైనా తీయించారా? చూపు బాగానే ఉందని ఊరుకోకండి, రెటీనా దెబ్బతినడం మొదట్లో తెలియదు. ఆ ఫొటో చూసి తనంతట తానే తేల్చే ఏఐకి అమెరికాలో 2018 ఏప్రిల్లోనే అనుమతి ఇచ్చారు. మనకు అంతదూరం అక్కర్లేదు. తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, ఇటు పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. ఏడాదికోసారి చూపించాలి.

డ్యూటీ_నర్సు_గుంటూరు | ఆదివారం, రాత్రి 9:20

పేదవాళ్లకు అందదన్న భయం నాకూ ఉండేది. ఒక్క రాత్రి చూసింది రాస్తాను.

నేను ఇదివరకు చిన్న ప్రభుత్వాసుపత్రిలో చేశాను. గుండెపోటుతో ఎవరైనా వస్తే మాకు తెలిసిన వైద్యం ఒకటే: ఆస్పిరిన్ ఇచ్చి "గుంటూరు తీసుకెళ్లండి" అనడం. దారిలో గంటన్నర. గుండె కండరం ఆ గంటన్నరా చచ్చిపోతూనే ఉంటుంది. తర్వాత పద్ధతి మారింది. ఈసీజీ తీసి అక్కడికక్కడే పెద్దాసుపత్రి గుండె డాక్టరుకు పంపడం, ఆయన చూసి అవునంటే రక్తపు గడ్డను కరిగించే టెనెక్టిప్లేజ్ ఇంజెక్షన్ మా దగ్గరే ఇవ్వడం. బయట కొంటే ఆ ఇంజెక్షన్‌కు వేల రూపాయలవుతుంది, అక్కడ ఉచితం.

ఒక రాత్రి పన్నెండింటికి ఆటో తోలే ఆయన వచ్చాడు, 45 ఏళ్లుంటాయి. భార్య గుమ్మం దగ్గరే కూలబడిపోయింది. ఈసీజీ పంపిన ఏడో నిమిషంలో ఫోన్ మోగింది, "ఇచ్చేయండి" అన్నారు. ఇంజెక్షన్ మందు కలుపుతుంటే నా వేళ్లు చెమటకు జారాయి. గంట తర్వాత మళ్లీ ఈసీజీ తీశాం. పైకి లేచి నిలబడ్డ ఆ గీత కిందికి దిగింది. ఆయన "నొప్పి తగ్గిందమ్మా" అన్నాడు. ఆయన చేతిలో స్మార్ట్‌ఫోను లేదు. యంత్రం ఉండాల్సింది ఆసుపత్రిలో, అక్కడ ఉంది.

అందుకే గుమస్తా గారూ, అడగాల్సింది ప్రతి హమాలీ చేతికి వాచీ కాదు. యార్డుకు దగ్గర్లో ఉన్న ఆరోగ్య కేంద్రంలో ఈసీజీ మిషను పనిచేస్తోందా, దానికి కాగితం రోల్ ఉందా, తీసేవాళ్లు రాత్రి డ్యూటీలో ఉన్నారా అని అడగాలి.

మిర్చియార్డు_గుమస్తా | ఆదివారం, రాత్రి 9:41

సరే మేడం. రేపే వెళ్లి అడుగుతాను. మా యూనియన్ పెద్దతో కూడా చెబుతాను.

పటమట_అక్క | ఆదివారం, రాత్రి 10:30

ఒక్క జాగ్రత్త చెప్పాలని రాస్తున్నాను. మా చెల్లి గర్భం పరీక్ష రిపోర్టును ఒక ల్యాబు వాళ్లు వాట్సాప్‌లో వేరే నంబరుకు పంపేశారు. ఆ నంబరు మా బంధువులదే. ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు, ఊరంతా తెలిసిపోయింది. తర్వాత మూడో నెలలో ఆ గర్భం నిలవలేదు. అందరూ వచ్చి పరామర్శిస్తుంటే మా చెల్లి తలుపు వేసుకుని కూర్చుంది. "సారీ మేడం, చివరి అంకె తప్పు పడింది" అన్నారు ల్యాబులో. వాళ్లకు అది ఒక్క అంకె. కోడ్ రాసే అన్నా, మీలాంటివాళ్లు దీని గురించి ఆలోచించాలి.

కోడ్_రాసేవాడు | ఆదివారం, రాత్రి 11:05

అక్కా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, మన అనుమతి లేకుండా మన వివరాలు అటూఇటూ పంపకూడదని అందులో ఉంది. కానీ కౌంటరు దగ్గర రద్దీలో నంబరు కొట్టే అమ్మాయికి ఆ చట్టం గుర్తుండదు. ఆ తప్పు పడకుండా చేయాల్సింది మేమే. రిపోర్టు నేరుగా పోకుండా, ముందు ఆ ఫోనుకు ఓటీపీ వెళ్లి, అది చెబితేనే తెరుచుకునేలా పెట్టాలి. పెట్టడానికి రెండు రోజుల పని. మా ఆఫీసులో రేపు ఈ మాట ఎత్తుతాను. మీ చెల్లి పేరు, ఊరు చెప్పను.

సింగ్‌నగర్_కుర్రాడు | శనివారం, రాత్రి 9:15

వారం తర్వాత రాస్తున్నాను. మన్నించండి, ఆలస్యమైంది.

సోమవారం ఏడు షీట్లూ తీసుకుని వెళ్లాం. డాక్టరు గారు రెండు షుగరు షీట్లూ పక్కపక్కన పెట్టి చూసి, కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాతది ఆపేసి, కొత్తదాని మోతాదు తగ్గించారు. తమ్ముడు పంపిన సెన్సార్ కూడా వేయించాం. మొదటి రాత్రి 66 దగ్గర అలారం మోగింది, లేచి చూస్తే నాన్న ఆ చేతి మీదే పడుకుని ఉన్నారు, వేలి చుక్కలో 104. కొత్తపేట డాక్టరు గారు చెప్పకపోతే హడలిపోయేవాళ్లం. నాలుగు రాత్రులుగా నాన్న తెల్లవారేదాకా నిద్రపోతున్నారు. తమ్ముడు ఫోన్ చేసి, "నేను ఉక్కపోత అన్నాను కదరా" అని ఏడ్చాడు.

పాత ఫైలు సంగతి. మన రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నియమాల్లో ఉందని తెలిసి, స్టెంటు వేసిన ఆసుపత్రికి దరఖాస్తు రాసి ఇచ్చాను. మూడేళ్లే దాచాలి కాబట్టి 2019ది ఉంటుందో లేదో అనుకున్నాను. ఆ స్టెంటు ఆరోగ్యశ్రీలో వేశారు, అందువల్ల కేసు వివరాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర ఉన్న అబ్బాయి ఓపిగ్గా వెతికి తీశాడు. డిశ్చార్జి సమ్మరీ ప్రింటు చేతిలోకి వచ్చినప్పుడు వేడిగా ఉంది. గుండె ముందు భాగానికి వెళ్లే ఎల్ఏడీ రక్తనాళంలో ఒక స్టెంటు, పంపింగ్ 50 శాతం. ఆరేళ్లుగా నాన్న గుండెలో ఉన్నదేమిటో ఇప్పుడు తెలిసింది.

నాన్నకు ఆభా చేయించాను. అన్నీ ఫొటోలు తీసి అందులో పెట్టాను. ఒక్క కాగితం మీద ముఖ్యమైనవి రాసి, లామినేషన్ చేయించి నాన్న పర్సులో కూడా పెట్టాను. ఫోనులో చార్జింగ్ లేని రోజు మాకు తెలుసు. వరదప్పుడు మూడు రోజులు కరెంటు లేదు, డ్రోన్లతో అన్నం పొట్లాలు, మందులు పంచారు, మాకు ఏ మందు కావాలో చెప్పడానికి ఫోను పనిచేయలేదు.

కంటి పరీక్షకు వచ్చే మంగళవారం తాడిగడప వెళ్తున్నాం.

డ్యూటీ_నర్సు_గుంటూరు | శనివారం, రాత్రి 9:30

ప్రాణం కుదుటపడింది తమ్ముడూ. ఆ కాగితం మీద పడని మందులు ఏవైనా ఉంటే ఎర్ర సిరాతో రాశావా?

సింగ్‌నగర్_కుర్రాడు | శనివారం, రాత్రి 9:44

రాయలేదు అక్కా. ఇప్పుడే నాన్నను అడిగాను. చిన్నప్పుడెప్పుడో సల్ఫా బిళ్ల వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ముఖం వాచిందట. నాకు 31 ఏళ్లు, ఈ మాట ఈరోజే విన్నాను. రేపు కొత్తగా రాసి మళ్లీ లామినేషన్ చేయిస్తాను. కొత్త మాత్రల్లో ఆ జాతివి ఏమైనా ఉన్నాయేమో కూడా డాక్టరు గారిని అడుగుతాను.

అరండల్‌పేట_అమ్మమ్మ | ఆదివారం, ఉదయం 6:50

బాబూ, ఆ కాగితం మీద ఏ వరసలో ఏం రాశావో ఇక్కడ పెట్టు. పక్కింటి కుర్రాడితో నాదీ ఒకటి రాయిస్తాను. అక్షరాలు పెద్దవిగా ఉండాలి.

సింగ్‌నగర్_కుర్రాడు | ఆదివారం, ఉదయం 7:20

తప్పకుండా అమ్మమ్మ గారూ. పైన పేరు, వయసు, రక్తం గ్రూపు. దాని కింద ఎర్ర సిరాతో పడని మందు. తర్వాత ఉన్న జబ్బులు, ఎప్పటి నుంచి అని. ఆపరేషన్లు, ఏ సంవత్సరంలో, ఏ ఆసుపత్రిలో. మాత్రలు అసలు పేరుతో, ఎంత మోతాదు, పొద్దునో రాత్రో. వెనకవైపు ఆభా నంబరు, నాది, తమ్ముడిది ఫోన్ నంబర్లు. నాన్న ఇంకొకటి రాయమన్నారు: "కుడి చెవి సరిగా వినపడదు, ఎడమవైపు నుంచి మాట్లాడండి" అని. అదీ రాశాను.